పిడి చేతిలోకి తీసుకున్నాక

అందరికీ నమస్కారం.

ఏటా జూన్‌లో మన అట్లాంటాలో మూడు రోజులు బ్లేడ్ షో జరుగుతుంది. 1982లో మొదలైన ప్రదర్శన ఇది. ఒక్కొక్క కత్తినీ చేత్తో చేసేవాళ్లు తమ పనిని బల్లల మీద పరుచుకుని కూర్చుంటారు. మొదటిసారి వెళ్తున్నప్పుడు ఇంట్లో అందరికీ టెన్షనే. కత్తుల దగ్గరికి పిల్లలతోనా అన్నారు. తీరా అక్కడ చూస్తే, పిల్లలు అడిగే ప్రశ్నలకు ఎంతో ఓపిగ్గా జవాబిచ్చింది ఆ కత్తులు చేసినవాళ్లే.

ముందుగా ఒక మాట. అడగకుండా కత్తి తీయకండి. ఇచ్చాక పిడి పట్టుకోండి, అలుగును తాకకండి. వేలి చెమటకు కార్బన్ స్టీలు తుప్పు పడుతుంది. అందుకే చూసినవాళ్లు తిరిగి ఇవ్వగానే చేసినవాళ్లు మెత్తని గుడ్డతో తుడిచి పెడతారు.

మొదట్లో నా కళ్లు పిడుల మీదే ఉండేవి. ఐరన్‌వుడ్ అనే ఎడారి చెట్టు చెక్క, వేల ఏళ్లు మంచులో ఉండిపోయిన మామత్ అనే పాతకాలపు ఏనుగు దంతం, ఎంత చూసినా తనివి తీరదు. ఎక్కడ చూడాలో ఒక పెద్దాయన నేర్పాడు. అలుగు పిడిని కలిసేచోట ఒక లోహపు అడ్డు ఉంటుంది, దాన్ని గార్డ్ అంటారు. కత్తిని వెలుతురుకు ఎత్తి ఆ అతుకు చూడమన్నాడు. వెంట్రుకవాసి సందు కూడా కనబడకూడదు. తర్వాత వెన్ను చూడమన్నాడు. గరుకు కాగితంతో గంటల తరబడి రుద్దినా, గీతలన్నీ ఒకే దిక్కుకు నడవాలి. ఆ రోజు నుంచి నేను కత్తిని చూసే తీరే మారిపోయింది.

కానీ నన్ను అన్నిటికన్నా కదిలించింది ఏ బల్ల మీదా కనబడని కత్తి. 1976లో ఏర్పడిన అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ అనే కత్తి కమ్మరుల సంఘం ఒక పరీక్ష పెడుతుంది. జర్నీమన్ అనే మొదటి హోదా కావాలంటే, తాను సాగగొట్టి చేసిన కత్తితో అంగుళం మందం ఉన్న వేలాడే తాడును ఒక్క వేటుకు తెంచాలి. రెండు అంగుళాల మందం, నాలుగు అంగుళాల వెడల్పు ఉన్న దూలం ముక్కను రెండుసార్లు పూర్తిగా తెగేలా నరకాలి. మళ్లీ పదును పెట్టకుండా, అదే అంచుతో చేతి మీద వెంట్రుకలు గీయాలి. చివరికి దాన్ని వైస్ అనే బిగింపు పనిముట్టులో పట్టించి తొంభై డిగ్రీలు వంచాలి. కత్తి విరగకూడదు.

కొయ్యను నరికి కూడా పదును నిలవాలంటే అంచు గట్టిగా ఉండాలి. గట్టిదనం ఎక్కువైతే ఉక్కు పెళుసుగా మారి విరుగుతుంది. కాబట్టి ఒకే ముక్కలో అంచు గట్టిగా, వెన్ను మెత్తగా ఉండేలా చేయాలి. కొందరు ఎర్రగా కాల్చిన అలుగులో అంచును మాత్రమే నూనెలో ముంచుతారు. కొందరు అంచును నీళ్లలో ఉంచి వెన్నును మంట చిమ్మే టార్చితో నీలిరంగు వచ్చేదాకా కాలుస్తారు. ఇంత కష్టపడి చేసిన కత్తి పరీక్షలో వంగిపోయి, ఇక దేనికీ పనికిరాదు. ఆ పరీక్ష నెగ్గాకే ఐదు అందమైన కత్తులు న్యాయనిర్ణేతల ముందు పెట్టే అర్హత వస్తుంది. మాస్టర్ హోదాకైతే ఆ వంచే కత్తి కనీసం 300 పొరల డమాస్కస్ ఉక్కుది కావాలి. రెండు రకాల ఉక్కు రేకులను ఐదు పేర్చి అతికి, సాగగొట్టి, ఆరుసార్లు మడిస్తే 320 పొరలవుతాయి. ఒక్క అతుకు పట్టకపోయినా వైస్ దగ్గర తెలిసిపోతుంది. యాసిడ్‌లో ముంచినప్పుడు నికెల్ ఉన్న పొర తెల్లగా నిలిచి, మిగతాది నల్లబడుతుంది. మనం మురిసిపోయే ఆ అలల గీతలు అవే.

పొరలు మడవకుండానే అలలు తేలే ఉక్కు ఇంకొకటి ఉంది. అది మనది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో కమ్మరులు మూసలో ఇనుము కరిగించి ఆ ఉక్కు తీసేవారు. దాన్ని కొనడానికి పర్షియా వర్తకులు అంత దూరం వచ్చేవారు. అక్కడి పని కళ్లారా చూసిన హెన్రీ వాయిసీ అనే ఆంగ్లేయుడి వర్ణన 1832లో అచ్చయింది. తర్వాత ఆ విద్య మరుగున పడింది. ఫ్లోరిడాలో గుర్రాలకు లాడాలు కొట్టే ఆల్‌ఫ్రెడ్ పెండ్రే, అయోవా ప్రొఫెసర్ జాన్ వెర్‌హోవెన్ కలిసి ఏళ్ల తరబడి మూసలు కాల్చారు. ముడి ఇనుములో ఏ కాస్తో ఉండే వనేడియం లాంటి లోహాల వల్లే ఆ అలలు వస్తాయని 1998లో వివరించారు. ఒక కొలిమి మనిషీ ఒక ప్రొఫెసరూ పక్కపక్కన నిలబడి పని చేశారన్నది నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

పోయినసారి ఒక బల్ల మీద అలాంటి చిన్న కత్తి చూశాను. పక్కన అట్టముక్క మీద ఆ ఉక్కుకు ఇంగ్లీషులో ఉన్న పేరు, 'వూట్జ్' అని రాసి ఉంది. మా భాషలో దీన్ని ఉక్కు అంటారు, మీ మాట అందులోంచే వచ్చిందని చాలామంది పండితులు అంటారు అని చెప్పాను. ఆ కత్తి చేసినాయన లేచి నిలబడ్డాడు. మళ్లీ చెప్పమన్నాడు. ద్విత్వం పలకడం రాక 'ఉకు, ఉకు' అని రెండుసార్లు అని, మూడోసారి సరిగ్గా పలికాడు. అట్టముక్క తిప్పి వెనక రాసుకున్నాడు. తర్వాత ఆ కత్తి తీసి, పిడి నా వైపు తిప్పి, నేను అడగకుండానే చేతికిచ్చాడు.