అవే స్వరాలు, అదే టెంక

శ్రోతలందరికీ నమస్కారం.

ఒడిశాలోని రాయగడలో మా ఇంటి వంటగది గోడకు ఒక అర ఉండేది. రేడియో అందులో ఉండేది. నా చిన్నప్పుడు సాయంత్రం అయ్యేసరికి మా పెదనాన్న చోడి అంబలి గ్లాసు పట్టుకుని దాని ముందు కూర్చునేవారు. విజయనగరంలో కొన్నాళ్లు వయొలిన్ నేర్చుకున్న మనిషి ఆయన. గాయకుడు నాలుగు స్వరాలు పలికాడో లేదో "ఆరభి" అనేవారు. మరోరోజు నా చెవికి అచ్చం అలాగే తోచిన రాగం వస్తే "ఇది దేవగాంధారి" అనేవారు. రెండింటి స్వరాలూ ఆయనచేత కాగితం మీద రాయించుకుని చూశాను. ఎక్కేటప్పుడు స రి మ ప ద స, దిగేటప్పుడు స ని ద ప మ గ రి స. రెండింటికీ అవే. "మరి తేడా ఎక్కడుంది పెదనాన్నా?" అని అడిగితే "నడకలో ఉంది నాయనా" అన్నారు.

ఆ జవాబు అప్పుడు నాకు అర్థం కాలేదు. తర్వాత చాలా ఏళ్లు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పాను. రిటైరయ్యాక తీరిక దొరికి, ఒకదానికొకటి పొంతన లేనట్టు కనిపించే పరిశోధనలు చదవడం మొదలుపెట్టాను. కంప్యూటర్లతో సంగీతాన్ని విశ్లేషించడం ఒకటి, విషశాస్త్రం ఒకటి, మనం ఏది తింటాం, ఏది తినం, ఎందుకు అని అడిగే ఆహార మనస్తత్వ శాస్త్రం ఒకటి. చదివేకొద్దీ మూడింటిలోనూ పెదనాన్న మాటే వినిపించింది. అందుకే ఈ ప్రసంగం.

ముందు సంగీతం సంగతి. 2011లో స్పెయిన్‌లోని బార్సిలోనాలో పాంపేయు ఫాబ్రా విశ్వవిద్యాలయంలో షవియెర్ సెర్రా అనే పరిశోధకుడి ఆధ్వర్యంలో ఒక పెద్ద ప్రాజెక్టు మొదలైంది. దాని పేరు కాంప్‌మ్యూజిక్. మన కర్ణాటక, హిందుస్తానీ సంగీతాలతో పాటు టర్కీ, చైనా, అరబ్ సంప్రదాయాలను కూడా వాళ్లు కంప్యూటర్‌తో చదవడానికి ప్రయత్నించారు. మద్రాసు ఐఐటీ వాళ్లూ అందులో పనిచేశారు.

కంప్యూటర్ పాటను ఎలా వింటుంది? సెకనును చాలా చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో గొంతు ఏ స్థాయిలో ఉందో కొలిచి, తెర మీద ఒక గీతలా గీస్తుంది. ముందుగా గాయకుడి శ్రుతి, అంటే అతని షడ్జమం (స) ఎక్కడుందో పట్టుకోవాలి. మగవాళ్ల షడ్జమం ఒకచోట, ఆడవాళ్ల షడ్జమం ఇంకోచోట ఉంటుంది కదా. ఆ తర్వాత గొంతు ఏ స్వరం దగ్గర ఎంతసేపు నిలిచిందో లెక్క కడుతుంది. ఈ లెక్కతో చాలా రాగాలు దొరికిపోతాయి. కానీ గమకం వచ్చిందంటే స్వరం ఒకచోట నిలవదు, ఊగుతుంది. లెక్క చెదిరిపోతుంది. పైగా ఆరభి, దేవగాంధారి లాంటి జంట ఎదురైతే ఉన్న స్వరాలు అవే కాబట్టి, ఏమేం ఉన్నాయో లెక్కపెట్టినంత మాత్రాన పని జరగదు. అందుకని పరిశోధకులు ప్రశ్న మార్చారు. గొంతు ఈ క్షణంలో ఎక్కడుంది, మరుక్షణంలో ఎక్కడికి చేరింది అని ఆ రెండింటినీ జంటగా చూడటం మొదలుపెట్టారు. ఆరభిలో గాంధారం (గ), నిషాదం (ని) అలా తాకి వెళ్లిపోతాయి. రాగం చురుగ్గా సాగుతుంది. దేవగాంధారి తీరిగ్గా, ఊగుతూ నడుస్తుంది. యంత్రానికి నేర్పాల్సి వచ్చింది ఆ నడకే.

ఇక మన జిల్లా సంగతికి వస్తాను. ఇది చెప్పడం నాకు సులువు కాదు.

2001 వానాకాలంలో ఇదే రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో మామిడి టెంక అంబలి తాగి 20 మందికి పైగా గిరిజనులు చనిపోయారు. దేశమంతా ఆ వార్త చదివింది. టెంక విషమని కొందరన్నారు. కాదు, అవి ఆకలి చావులని మరికొందరన్నారు. పత్రికల్లో, సభల్లో ఆ వాదన చాలాకాలం నడిచింది.

టెంక విషమేనా? కొండల మీద తరతరాలుగా తింటున్నారు. టెంక పగలగొట్టి లోపలి జీడి తీస్తారు. అది వగరుగా, చేదుగా ఉంటుంది. వగరు పోయేదాకా బుట్టలో వేసి వాగు నీళ్లలో పెడతారు. తర్వాత బాగా ఎండబెట్టి, దంచి పిండి చేసుకుంటారు. పాత గింజలు అయిపోయి కొత్త పంట ఇంకా చేతికి రాని వానాకాలపు రోజులకు ఆ పిండి ఆసరా. ఎండ సరిగ్గా తగలకపోతే, తడి ఇంట్లో నిల్వ పెడితే అదే టెంకకు బూజు పడుతుంది. బూజు తయారుచేసే విషాల్లో కొన్ని పొయ్యి వేడికి లొంగవు. అంబలి ఎంతసేపు కాచినా పోవు. ఇంట్లో వేరే తిండి ఉన్నవాళ్లు బూజు వాసన రాగానే పారబోస్తారు. లేనివాళ్లు కడిగి వండుకుంటారు. అందుకే విషమా, ఆకలా అన్న ప్రశ్న నాకు ఎప్పుడూ సగం ప్రశ్నలాగే కనిపిస్తుంది. టెంక అదే. అది వచ్చిన దారి వేరు, అది చేరిన కడుపు వేరు. 2024 చివర్లో కంధమాల్ జిల్లాలో టెంక అంబలి వల్ల మళ్లీ మరణాలు జరిగాయని చదివినప్పుడు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మోతాదే విషం అని పారాసెల్సస్ అనే వైద్యుడు 16వ శతాబ్దంలో చెప్పాడు. మా విద్యార్థులకు నేనూ అదే చెప్పేవాణ్ణి. ఇప్పుడైతే ఆ ఒక్క మాటతో ఊరుకోను. బీహార్‌లోని ముజఫర్‌పూర్ చూడండి. 2014 వేసవిలో అక్కడ ఒక అంతుపట్టని జబ్బుతో 390 మంది ఆసుపత్రుల్లో చేరారు. ఎక్కువమంది పిల్లలే. 122 మంది చనిపోయారు. ఆ ఊళ్ల చుట్టూ లీచీ తోటలు ఉన్నాయి. లీచీ పండులో ఉండే ఒక పదార్థం, ఒంట్లో చక్కెర పడిపోయినప్పుడు శరీరం మళ్లీ శక్తి తయారుచేసుకునే దారిని మూసేస్తుంది. రాత్రి అన్నం తిని పడుకున్న పిల్లాడు అవే పండ్లు తిన్నా తెల్లారి ఆటలకు పోతాడు. ఖాళీ కడుపుతో పడుకున్న పిల్లాడికి తెల్లవారుజామున ఫిట్స్ వస్తాయి. పరిశోధకులు ఇచ్చిన సలహాల్లో ఒకటి నా గుండెకు తగిలింది: పిల్లలకు రాత్రి అన్నం పెట్టి పడుకోబెట్టండి.

మన పక్కనే మల్కన్‌గిరిలో 2016లో వందమందికి పైగా పసిపిల్లలు పోయారు. కొందరికి వచ్చింది దోమల వల్ల వచ్చే జపనీస్ మెదడువాపు. మరికొందరి ప్రాణం తీసినవి కసివింద గింజలని వెల్లూరు వైద్యుడు జాకబ్ జాన్ నాయకత్వంలో వెళ్లిన నిపుణులు తేల్చారు. ఒడియాలో దాన్ని బడ చాకుండ అంటారు. దారి పక్కన ఎక్కడ పడితే అక్కడ మొలిచే మొక్క. పసుపు పూలు, పొడుగు కాయలు. ఆడుకుంటూ ఆకలేసిన పిల్లలకు అవి చిక్కుడు గింజల్లాగే కనిపిస్తాయి.

"కనిపిస్తాయి" అన్నాను చూడండి, అక్కడే ఆహార మనస్తత్వ శాస్త్రం వస్తుంది. అమెరికాలో పాల్ రోజిన్ అనే శాస్త్రవేత్త 1986లో ఒక ప్రయోగం ప్రచురించారు. మనిషి ఎదుటే పంచదారను రెండు సీసాల్లో పోస్తారు. రెండు లేబుళ్లు ఇస్తారు. ఒకదాని మీద పంచదార అని, ఇంకోదాని మీద సోడియం సయనైడ్ అని ఉంటుంది. ఏది ఏ సీసాకు అంటించాలో ఆ మనిషే ఎంచుకుని అంటించాలి. రెండింటిలోనూ ఉన్నది పంచదారేనని కళ్లారా చూశాడు. అయినా తన చేత్తో సయనైడ్ లేబుల్ అంటించిన సీసాలోని పంచదార కలిపిన నీళ్లు తాగడానికి మనసొప్పదు. తర్వాతి ప్రయోగంలో "ఇది సయనైడ్ కాదు" అని రాసినా జనం వెనకాడారు. తెలివికి తెలుసు, గొంతు దిగదు.

మన పత్తి చేల దగ్గర దీనికి తిరగబడిన ప్రయోగం రోజూ జరుగుతోంది. మిగిలిన గడ్డిమందును ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలో పోసి చూరులో దోపుతారు. పారాక్వాట్ లాంటి మందుకు విరుగుడు లేదు. ఒక్క గుక్క చాలు ప్రాణం పోవడానికి. పిల్లవాడి కంటికి ఆ సీసా చెప్పేది ఒక్కటే: తియ్యగా ఉంటుంది, తాగు. అక్షరాలు రానివాళ్లకు సీసా ఆకారమే లేబుల్. వింటున్న రైతు సోదరులకు చేతులు జోడించి చెబుతున్నాను. ఆ మందును దాని డబ్బాలోనే ఉంచండి, పిల్లలకు అందని చోట తాళం వేయండి.

ఒకసారి కాశీపూర్ వైపు సంతకు వెళ్లాను. ఒక ముసలమ్మ గోనె పరిచి, ఎండు టెంకలు పోసుకుని కూర్చుంది. ఒక్కోటి తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపుతోంది. ఎందుకమ్మా అని ఒడియాలో అడిగాను. నవ్వి ఒకటి నా చెవి దగ్గర పెట్టి ఊపింది. లోపల జీడి గలగల లాడింది. ఎండి ముడుచుకుంది కాబట్టి ఆ మోత. ఇంకోటి ఊపింది. చప్పుడు లేదు. దాన్ని రాయి మీద పెట్టి పగలగొట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తల అడ్డంగా ఊపి వెనక్కి విసిరేసింది. తర్వాత మళ్లీ కుప్పలో చెయ్యి పెట్టి మరో టెంక తీసి చెవికి ఆనించుకుంది.

నమస్కారం.