కెమెరా పక్కన ఒక కుర్చీ

వేదిక మీది పెద్దలకు నమస్కారం. పేర్లన్నీ చదివితే నాకిచ్చిన ఇరవై నిమిషాలూ దానికే సరిపోతాయి, క్షమించండి. 'కెమెరా ముందు జంకు లేకుండా పాఠం చెప్పడం' అని అంశం ఇచ్చారు. నేను ఒక కుర్చీ గురించి మాట్లాడతాను.

2020లో, లాక్‌డౌన్ అయ్యాక, మా కాలేజీలో మొదటి రికార్డింగ్. ముప్ఫై ఏళ్లు డిమాండ్ సూత్రం చెప్పినవాణ్ణి. నలభై అయిదు నిమిషాల పాఠం పదకొండు నిమిషాల్లో అయిపోయింది! గుక్క తిప్పుకోలేదు. ఎవరికోసం తిప్పుకోవాలి? రాసుకునేవాళ్లు లేరు, కనీసం ఆవలించేవాళ్లు కూడా లేరు.

రెండోసారి తీసేటప్పుడు, టీ తెచ్చిన అటెండరు కెమెరా పక్కనే కూర్చుండిపోయాడు. ధర పెరిగితే డిమాండ్ తగ్గుతుందన్నాను. "ఉల్లిపాయల రేటు పెరిగిందని మా ఇంట్లో కూర మానేశామా సార్?" అన్నాడు. ఇక చూస్కోండి! డిమాండ్ వ్యాకోచత్వం, అంటే ధర మారితే కొనడం ఎంత మారుతుందనేది, అంత బాగా నేనెప్పుడూ చెప్పలేదు.

ఎడిటింగులో ఆ ప్రశ్న కోసేశారు. అటెండరు గొంతు పాఠంలో వినబడితే బాగోదట! నా జవాబు మాత్రం ఉంచారు. చూసే పిల్లలకి, ఈయన ఉన్నట్టుండి ఉల్లిపాయల మీద పడ్డాడేమిటి అనిపించదూ? ఆ కోపం నాకింకా తగ్గలేదు.

ఇది కరోనాతో వచ్చిన తిప్పలు కాదండీ. హైదరాబాద్‌లోని సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లోనే పుట్టింది, దేశంలో అదే మొదటిది. 1984 ఆగస్టు 15న దూరదర్శన్‌లో యూజీసీ, అంటే విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, పాఠాలు మొదలయ్యాయి. నలభై ఏళ్ల పైమాటే. నేను చూసిన స్టూడియోల్లో లైట్లున్నాయి, ఏసీలున్నాయి, ఊ కొట్టే మనిషి లేడు.

బుర్రకథ గుర్తుందా? నాజర్ గారంతటి కథకుడికే అటూ ఇటూ వంతలు కావాలి. హాస్యానికొకరు, రాజకీయానికొకరు. తందాన అనేవాళ్లు, మధ్యలో అడ్డం తగిలేవాళ్లు. మరి నిన్నగాక మొన్న చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని తలుపులు మూసిన గదిలో నిలబెట్టి, "నవ్వుతూ చెప్పమ్మా" అంటే ఎట్లా చెబుతుంది?

మెళకువలు అడుగుతారు, అవీ చెబుతాను. లెన్సు కంటి ఎత్తులో ఉండాలి. తెరలో మీ మొహం మీరు చూసుకోవద్దు. తడబడితే పాఠం మొదటికి పోవద్దు. కాసేపు ఆగి, ఆ వాక్యమే మళ్లీ చెప్పండి, ఎడిటరు అతికిస్తాడు. ప్రశ్న వేశాక, ఇంట్లో కూర్చున్న పిల్ల ఆలోచించుకునేంతసేపు నోరు మూసుకోండి. మనకి అదే రాదు! ఊ కొట్టే మనిషి కుర్చీ మాత్రం కెమెరాకి ఆనించి వేయాలి, దూరంగా వేస్తే మీ చూపు పక్కకి పోతుంది.

రిజిస్ట్రారు గారూ, మీకే చెబుతున్నా. ఎడిటరుకి గంటకింతని ఇస్తున్నారు కదా, ఆ కుర్చీలో కూర్చునే విద్యార్థికీ ఇవ్వండి. వాడు ప్రశ్న అడిగితే కోయించకండి.

సరే, నా టైము అయిపోయిందని చీటీ వచ్చింది. వెనక గదిలో కెమెరా సిద్ధంగా ఉంది. ముందు ఎవరొస్తారు? రండమ్మా, మీరే రండి. కుర్చీలో నేను కూర్చుంటాను.