భీమవరం నుంచి మొదలుపెట్టిన పాఠం

(రాజమహేంద్రవరంలో నర్సింగ్, ప్రజారోగ్య అధ్యాపకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

2020 ఏప్రిల్‌లో, కోవిడ్ లాక్‌డౌన్‌లో, నా తరగతి మొత్తం ఒక ఫోనులో ఇమిడిపోయింది. విద్యార్థులు కోనసీమ లంకల నుంచి నరసాపురం దాకా ఎవరి ఊళ్లో వాళ్లు ఉండిపోయారు. సిగ్నల్ కోసం కొందరు డాబా ఎక్కేవారు, కొందరు ఏటిగట్టు మీదికి వచ్చి కూర్చునేవారు. అప్పుడు చెప్పాల్సిన పాఠం ప్రపంచ ఆరోగ్యం. ఇంతకంటే సరైన సమయం రాదనుకున్నాను. ఇటలీ లెక్కలు, న్యూయార్క్ గ్రాఫులు రోజూ చూపించాను. వారం తిరిగేసరికి వినేవాళ్లు సగమయ్యారు. ఉన్నవాళ్లు ప్రశ్నలు వేయడం మానేశారు.

నేను చేసిన తప్పు చెబుతాను. మహమ్మారి పిల్లల ఇళ్లలోనే ఉంటే, నేను దాన్ని ఎక్కడో దూరాన చూపిస్తున్నాను. ప్రపంచ ఆరోగ్యం అనగానే ఆఫ్రికా, జెనీవా అని రాసే అలవాటు పిల్లలకు మనమే చేశాం. మన గడప దగ్గర దారం పట్టుకుని, అది ఎక్కడెక్కడికి పోతుందో చూపించడమే ఈ పాఠానికి సరైన పద్ధతి అని ఆ రెండేళ్లలో నేర్చుకున్నాను. నాకు ఆ సంగతి నేర్పింది విద్యార్థులే.

అమలాపురం దగ్గరి ఒక అమ్మాయి తల్లి కువైట్‌లో ఇంటిపని చేసేవారు. 2020 మొదట్లో సెలవు మీద వచ్చి ఇక్కడే చిక్కుకుపోయారు. మరుసటి ఏడాది ఊళ్లో టీకాలు వేస్తున్నారంటే అందరికంటే ముందు వెళ్లి వరుసలో నిలబడ్డారు. ఆరోగ్య కేంద్రానికి ఆ రోజు వచ్చింది కోవాగ్జిన్. రెండు డోసులూ పూర్తయ్యాయి. కువైట్ అప్పట్లో గుర్తించిన టీకాల్లో కోవిషీల్డ్ ఉంది, కోవాగ్జిన్ లేదు. పక్కింటి ఆవిడ కోవిషీల్డ్ పుణ్యమా అని విమానం ఎక్కారు. ఈవిడ లామినేషన్ చేయించిన టీకా పత్రం చేతిలో పట్టుకుని ఏజెంటు చుట్టూ తిరిగారు. అకామా, అంటే అక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి, దాని గడువు దగ్గరపడుతోంది, ఇంటి మీద అప్పు ఉంది. ఆ అమ్మాయి తరగతిలో అడిగింది: "మేడమ్, మా అమ్మ చేసిన తప్పేమిటి?"

తప్పేమీ లేదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు మూడు తరగతులు పట్టాయి. టీకాకు అనుమతి ఎవరు ఇస్తారు, దేశం ఇచ్చిన అనుమతికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చే గుర్తింపుకూ తేడా ఏమిటి, ఒక దేశం మాటను మరో దేశం ఎందుకు ఒప్పుకోదు, అన్నీ చెప్పాల్సి వచ్చింది. ఆ సంస్థ కోవాగ్జిన్‌ను అత్యవసర వినియోగ జాబితాలో చేర్చింది 2021 నవంబరు 3న. ఆ తేదీని నేను బట్టీ పట్టించలేదు. తరగతిలో ఎవరూ మరచిపోలేదు.

2021 మే నెల గురించి చెప్పడం నాకు ఇప్పటికీ కష్టమే. ఒక రోజు ఆక్సిజన్ సరఫరా మీద పాఠం ఉంది. అంతకు మూడు రోజుల ముందే ఒక విద్యార్థి తండ్రి ఆక్సిజన్ పడక దొరక్క కన్నుమూశారు. పాఠం మరో రోజుకు మారుస్తానన్నాను. ఆ అబ్బాయే మెసేజ్ పెట్టాడు: "చెప్పండి మేడమ్. ఎందుకు దొరకలేదో నాకు తెలియాలి."

చెప్పాను. ఆక్సిజన్ ట్యాంకర్లు నింపుకుని వెళ్లిన తొలి రైలు, ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్, 2021 ఏప్రిల్ 22న బయలుదేరింది మన పక్కనున్న విశాఖ ఉక్కు కర్మాగారం నుంచే. అది మహారాష్ట్రకు వెళ్లింది, వెళ్లాల్సిందే, అక్కడా ప్రాణాలు పోతున్నాయి. ఉక్కు కర్మాగారాల్లో ద్రవ ఆక్సిజన్ తయారవుతుంది. కానీ దాన్ని మోసే ప్రత్యేక ట్యాంకర్లు చాలవు. ఆసుపత్రిలో నిల్వ ట్యాంకు ఉండాలి, అక్కడి నుంచి మంచం దాకా పైపులు ఉండాలి, పీడనం చూసే మనిషి ఉండాలి. వీటిలో ఏది లేకపోయినా మంచం దగ్గర గాలి ఆగిపోతుంది. వ్యాధి తీవ్రత ఒక కారణం, మనం కట్టుకోని ఏర్పాట్లు మరో కారణం. ఆ తరగతిలో ఎవరూ నోట్సు రాసుకోలేదు. నేనూ రాయమనలేదు.

అధ్యాపకులుగా మీరు నన్ను అడగవచ్చు, దుఃఖంలో ఉన్న పిల్లలకు పాఠం చెప్పవచ్చా అని. వాళ్లు వద్దంటే చెప్పకూడదు. అడిగితే మాత్రం మెత్తని మాటలతో సరిపెట్టకూడదు.

ఆ తర్వాత నేను ఈ పాఠాన్ని బోదకాలుతో మొదలుపెడుతున్నాను. మన జిల్లాల్లో తరతరాలుగా ఉన్న వ్యాధి. ఒంట్లో చేరే సన్నని పురుగు వల్ల వస్తుంది. ఆ పురుగును మురుగు కాలువలో పెరిగే క్యూలెక్స్ దోమ మోసుకొస్తుంది. బోదకాలు వ్యాపించకుండా ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి, జబ్బు లేనివాళ్లకూ ఇచ్చే డీఈసీ మాత్ర ఎక్కడి నుంచి వచ్చింది? 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో నడిపించిన పరిశోధన నుంచి, 1947లో. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఆ పురుగు సోకాకే అక్కడ దీని మీద పట్టుదల పెరిగింది. మన ఊళ్లలో కాళ్లు వాచినవాళ్లు అంతకు ముందూ ఉన్నారు. ఎవరి జబ్బుకు మందు వెతుకుతారు అన్న ప్రశ్న పిల్లలకు ఇక్కడే తగులుతుంది. ఇదే మాత్రను 2013 నుంచి జపాన్ కంపెనీ ఐసాయ్ తన విశాఖ ప్లాంటులో తయారుచేసి, ఇతర దేశాల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఉచితంగా ఇస్తోంది. భీమవరం, అమెరికా, విశాఖ, అక్కడి నుంచి మళ్లీ ప్రపంచం. ఇంత దూరం నడిచిన మాత్రను మన ఇళ్లలో కొందరు తీసుకుని పెరట్లో పారేస్తారు. జబ్బు లేనివాడికి మందెందుకు అంటారు. కోవిడ్ టీకా దగ్గర విన్న మాట కూడా అదే. వాళ్లను మూర్ఖులనవద్దని పిల్లలకు గట్టిగా చెబుతాను. మాత్ర చేతిలో పెట్టి సంతకం తీసుకుని వెళ్లిపోయాం, ఎందుకో చెప్పలేదు.

కళాశాల మళ్లీ తెరిచాక విద్యార్థులను రాత్రి రక్తపూతల సర్వేకు, అంటే బోదకాలు పురుగు కోసం వేలి నుంచి రక్తపు చుక్క గాజుపలక మీద తీసే పనికి, తీసుకువెళ్లాను. ఆ పురుగు పిల్లలు రాత్రిపూటే రక్తంలోకి వస్తాయి కాబట్టి ఎనిమిదిన్నర దాటాకే వెళ్లాలి. ఒక ఇంటి అరుగు మీద డెబ్బై దాటిన మామ్మగారు. పడుకునే వేళ సూదులేమిటని కోప్పడ్డారు. కువైట్ తల్లి కూతురే ఆవిడ పక్కన కూర్చుంది. దోమ కుట్టే వేళకు పురుగు చర్మం దగ్గరికి ఎలా వస్తుందో చెప్పింది, మందు కనిపెట్టినాయన సంగతీ చెప్పింది. మామ్మగారు వేలు చాచారు. గాజుపలక మీద చుక్క పడుతుండగా అడిగారు:

"భీమవరంలో ఏ వీధి వాళ్లమ్మా ఆయన?"