బరువు బ్యాగుతో 12 వారాలు మెట్లు: ట్రెక్కింగ్ ప్రాక్టీస్ రివ్యూ

అందరికీ నమస్కారం. రెండేళ్ల గ్యాప్ తర్వాత మళ్లీ పెద్ద కొండలెక్కాలని, 12 వారాలు వీపున బరువేసుకుని మెట్లెక్కి దిగాను. ఈ రివ్యూ ఆ ప్రాక్టీసు మీదే.

ఇదిగో బ్యాగు. లోపల అన్నీ లీటరు నీళ్ల సీసాలు. లీటరు నీళ్లంటే కిలో, వేరే తూకం అక్కర్లేదు. మూడు సీసాలతో మొదలుపెట్టి తొమ్మిది దాకా వచ్చాను. సీసాలకు తువ్వాలు చుట్టి వీపుకు ఆనేలా సర్దండి. వదులుగా పడేస్తే బ్యాగు వెనక్కి లాగుతుంది, భుజాలు పట్టేస్తాయి.

ఎక్కడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పక్కవాళ్లతో మాట్లాడగలిగే వేగంలో ఎక్కండి, ఆయాసం వారం వారం తగ్గుతుంది. అసలు పరీక్ష దిగడం. దీనికి ముందు నేను ట్రెడ్‌మిల్‌ని ఏటవాలుగా పెట్టి నెల రోజులు నడిచి, ఓ చిన్న కొండకు వెళ్లాను. హాయిగా ఎక్కేశాను. దిగేటప్పుడు మాత్రం కాళ్లు వణికాయి. రెండో రోజు పొద్దున మంచం పట్టె పట్టుకుని లేవాల్సి వచ్చింది.

దిగేటప్పుడు తొడ కండరం ఒకపక్క సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. ఆ పని అలవాటు లేకపోతే ఒకటి రెండు రోజులకు నొప్పి తేలుతుంది. ట్రెడ్‌మిల్ మీద ఎంత ఎక్కినా ఈ పని జరగదు. అదే కొద్దికొద్దిగా దిగడం అలవాటు చేస్తే, తర్వాతిసారి అంత నొప్పి ఉండదు. నాకు మెట్లు నచ్చింది ఇందుకే.

నా పాదం చూడండి. మోకాలు కాస్త వంచి, పాదం మెల్లగా ఆనిస్తున్నాను. దబ్బుమని చప్పుడొచ్చిందంటే కాలు బరువును ఆపలేదు, వదిలేసిందని అర్థం.

ఒక తప్పు చేశాను, మీరు చేయకండి. ఐదో వారంలో ఊపిరి బాగా అందుతోంది కదా అని నాలుగు సీసాల నుంచి ఒకేసారి ఎనిమిదికి పోయాను. మోకాలిచిప్ప కింద నొప్పి మొదలై పది రోజులు ఆపేయాల్సి వచ్చింది. కండరం బలపడినంత త్వరగా, దాన్ని ఎముకకు కలిపే టెండన్ బలపడదు. మోకాలికి పాత దెబ్బ ఉంటే ముందు ఫిజియోకి చూపించుకోండి.

ఇంకోటి, మెట్లు ఎత్తుకు మందు కాదు. 2,500 మీటర్లు దాటాక ఎంత ఫిట్‌గా ఉన్నా ఆల్టిట్యూడ్ సిక్‌నెస్, అంటే పలచటి గాలికి ఒళ్లు అలవాటు పడక వచ్చే తలనొప్పి, వికారం లాంటివి రావచ్చు. 3,000 పైన, రాత్రి పడుకునే చోటు ముందు రోజుకన్నా 500 మీటర్లకు మించి ఎత్తులో లేకుండా చూసుకోండి.

ఇప్పుడు తొమ్మిది సీసాలతో దిగుతాను. మాట్లాడను, అడుగుల చప్పుడు వినండి.