పెరటి మామిడికి నీళ్లు ఎప్పుడు ఆపాలి?

అందరికీ నమస్కారం. పెరటి మామిడి గురించి ఎక్కువమంది చెప్పే బాధ ఒకటే: "చెట్టు ఏపుగానే ఉందండీ, పూతే రావట్లేదు." ముందు వయసు చూసుకోండి. అంటు మొక్క కాపుకు రావడానికి నాలుగైదేళ్లు, టెంక నుంచి మొలిచింది రావడానికి ఏడెనిమిదేళ్లు పడుతుంది. అది దాటినా పూయకపోతే ఆ ఏపునే అనుమానించాలి.

కొమ్మ చివరి మొగ్గ చిగురైనా వేయాలి, పూతైనా వేయాలి. నవంబర్, డిసెంబర్ నెలల్లో నేల ఆరి, రాత్రి చలి 15 డిగ్రీల దరిదాపుకు దిగితే పూతకు మళ్లుతుంది. అప్పుడు వేళ్లకు తడి, నత్రజని అందితే చిగురు వేస్తుంది. కోస్తాలో చలి అంతగా ఉండదు కాబట్టి అక్కడ కొమ్మ ముదురుతనమే ముఖ్యం. కనీసం నాలుగైదు నెలల వయసున్న కొమ్మే నమ్మకంగా పూస్తుంది.

అందుకే పని ఇప్పుడు, జూలైలోనే మొదలుపెట్టాలి. కాయలు కోసిన పాత కాడల్ని నాలుగు అంగుళాల వెనక్కి కత్తిరించండి. ఎండుపుల్లలు, అంటు కింద నుంచి లేచిన కొమ్మలు తీసేయండి. చెట్టు నడిమికి వెలుతురు పడేలా ఒకటి రెండు కొమ్మలు తగ్గించండి. గోడ వైపు కొమ్మలు పూయకపోవడానికి చాలాసార్లు ఎండ తగలకపోవడమే కారణం. పెద్ద కోతలకు కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద పూయండి. సెప్టెంబర్‌లో మాత్రం కత్తెర పట్టకండి. అప్పుడు వచ్చే చిగురు పూత వేళకి ముదరదు.

ఎరువూ ఇప్పుడే. పదేళ్లు దాటిన పెరటి చెట్టుకు పశువుల ఎరువు 50 కిలోలు, సూపర్ ఫాస్ఫేట్ 2 కిలోలు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కిలో, యూరియా కిలో సరిపోతాయి. ఆకు ఇప్పటికే నల్లపచ్చగా మెరుస్తుంటే యూరియా మానేయండి. మొదలు దగ్గర కుప్ప పోస్తే దండగ. కొమ్మల నీడ అంచు కింద చుట్టూ చల్లి, పైపైన మట్టిలో కలపాలి.

ఇక అసలు సంగతి నీళ్లు. అక్టోబర్ చివరి నుంచి నీళ్లు పూర్తిగా ఆపాలి. "మేం మామిడికి పోయడం లేదండీ" అంటారు. నిజమే కావచ్చు. కానీ అంట్లు తోమిన నీళ్లు ఎటు పోతున్నాయి? ట్యాంకు పొంగితే ఎక్కడ పడుతున్నాయి? నాలుగడుగుల దూరంలో అరటి ఉంటే మామిడి వేళ్లు అరటి పాదులో తాగుతుంటాయి. ఆ కాలవ మళ్లించకుండా ఎన్ని మందులు కొట్టినా లాభం లేదు.

నవంబర్ నెలాఖరుకు కొమ్మ చివరి ఆకుని మడిచి చూడండి. మెత్తగా వంగితే ఇంకా లేతది. కరకరమని విరిగితే ముదిరినట్టు. ముదిరినా మొగ్గలో కదలిక లేకపోతే లీటరు నీటికి పొటాషియం నైట్రేట్ 10 గ్రాములు కలిపి సాయంత్రం ఆకులు తడిసేలా కొట్టండి. అది సిద్ధంగా ఉన్న మొగ్గను తట్టి లేపుతుందే తప్ప లేతకొమ్మకు పూత తెప్పించదు. పెరుగుదలను అణచి పూత తెప్పించే కల్టార్ మందు మాత్రం ఇంటి చెట్టుకు వద్దనే నా సలహా. మోతాదు మించితే చిగుళ్లు కురచబారి గుబురుకట్టి, ఆ ప్రభావం ఏళ్లపాటు పోదు.

పూమొగ్గ విడుతుండగా కొమ్మ తట్టి చూడండి. గోధుమగింజ ఆకారపు చిన్న పురుగులు ఎగిరితే అది తేనెమంచు పురుగు. పూత రసం పీల్చి, ఆకుల మీద జిగురు వదులుతుంది. ఆ జిగురు మీదే మసి పడుతుంది. ఇమిడాక్లోప్రిడ్ లీటరుకు 0.3 మి.లీ. మొగ్గ దశలోనే కొట్టాలి. బూడిద తెగులుకు నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. పూలు విచ్చాక ఏ మందూ వద్దు. ఎందుకో ఒక పూలగుత్తిని దగ్గరగా చూస్తే అర్థమవుతుంది. నడిమిలో పచ్చని చిన్న బొడిపె ఉన్న పువ్వే పిందె కడుతుంది, మిగతావన్నీ మగపూలు. పుప్పొడి జిగటగా ఉంటుంది, గాలికి సరిగ్గా ఎగరదు. దాన్ని మోసేది ఎక్కువగా ఈగలే. ఈగల్ని చంపుకుంటే గుత్తులు గుత్తులుగా పూసి ఉత్తగా రాలిపోతుంది. దసేరిలాంటి రకాలు తమ పుప్పొడితో తాము సరిగా పిందె కట్టవు, దగ్గర్లో ఇంకో రకం ఉండాలి.

పిందె బఠాణీ గింజంత అయ్యాకే నీళ్లు మళ్లీ మొదలు. మొదటిసారి నాలుగు బిందెలు, వారం తర్వాత ఎనిమిది, ఆపై పది. ఎండిన నేలను ఒక్కసారిగా ముంచితే పిందె రాలుతుంది. కొంత రాలడం మామూలే. నూటికి ఒక్క పువ్వు కాయగా మిగిలినా అది మంచి కాపే. రాలడం మరీ ఎక్కువైతే ప్లానోఫిక్స్ అనే హార్మోను మందు 10 లీటర్ల నీటికి 2 మి.లీ. పిచికారీ చేయండి, అంతకు మించి కలిపితే నిలవాల్సిన పిందె కూడా రాలుతుంది.