కీళ్లవాతం స్కోరు: అక్కకు 3.7, తమ్ముడికి 3, నొప్పి మాత్రం ఒకటే

వ్యాఖ్యాత: నమస్కారం. రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం, మగవారికంటే ఆడవారికి రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. వచ్చాక జబ్బు నడిచే తీరు, మందులు పనిచేసే తీరు కూడా ఇద్దరిలో ఒకేలా ఉండవంటారు. రుమటాలజిస్ట్ డాక్టర్‌గారు మనతో ఉన్నారు. మొదటి కాల్ తీసుకుందాం. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే డాక్టర్‌గారూ. నాకు 52 ఏళ్లు. మెథోట్రెక్సేట్ వాడుతున్నాను, చాలావరకు తగ్గింది. కానీ 28 కీళ్లు చూసి జబ్బు తీవ్రత చెప్పే డాస్ 28 స్కోరు 3.7 వచ్చింది, మందు పెంచాలేమో అన్నారు. మా తమ్ముడికీ ఇదే జబ్బు. వాడికి 3 కూడా దాటలేదు.

డాక్టర్: రిపోర్టు దగ్గరుందా అమ్మా? నొక్కితే నొప్పి ఉన్న కీళ్లు ఎన్ని, వాచినవి ఎన్ని?

శ్రోత: నొప్పి రెండింట్లో, వాపు ఎక్కడా లేదు. ఒంట్లో వాపు ఎంతుందో చూపే రక్తపరీక్ష ఈఎస్‌ఆర్ 30. నూటికి ఎంత బాధగా ఉందంటే 40 అన్నాను. తమ్ముడివీ ఇవే అంకెలు, వాడి ఈఎస్‌ఆర్ మాత్రం 10.

డాక్టర్: చిక్కంతా ఆ ఈఎస్‌ఆర్‌లోనే ఉంది. మీ 3.7లో ఒక్క ఈఎస్‌ఆర్ వాటానే 2.4 దాకా ఉంది. తమ్ముడి దాంట్లో అది 1.6. జబ్బుతో పనిలేకుండానే ఆడవారికి ఈఎస్‌ఆర్ ఎక్కువ ఉంటుంది, వయసుతో పెరుగుతుంది. మామూలుగా వాడే లెక్క ఏమిటంటే, మగవారికి వయసులో సగం, ఆడవారికి వయసుకు పది కలిపి అందులో సగం. మీకు 31 దాకా మామూలే. అంటే మీ 30 మీకు సహజమే కావచ్చు. రక్తహీనత ఉంటే ఇంకా పైకి పోతుంది. ఈఎస్‌ఆర్ 45 ఉన్న మనిషికి ఒక్క కీలూ నొప్పి లేకపోయినా స్కోరు 2.6 దాటుతుంది. 2.6 కంటే తక్కువుంటేనే జబ్బు అణిగినట్టు లెక్క.

వ్యాఖ్యాత: అయితే ఆడవారికి మందులు సరిగ్గా పనిచేయవన్న మాట నిజం కాదా?

డాక్టర్: కొంత నిజం, కొంత కొలత తెచ్చిన తంటా. మెథోట్రెక్సేట్‌తోనూ, వాపు పుట్టించే టీఎన్ఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకునే ఇంజెక్షన్లతోనూ అణిగిన స్థితికి మగవారే ఎక్కువగా చేరుతున్నారని చాలా అధ్యయనాల్లో కనిపించింది. అదే ఎక్స్‌రేలో ఎముక అరుగుదల చూస్తే తేడా అంత ఉండదు. పైగా ఒళ్లంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియా ఆడవారిలో ఎక్కువ. దానివల్ల వాపు లేకుండానే నొప్పి కీళ్ల లెక్క పెరుగుతుంది. ఆ నొప్పికి ఇంజెక్షన్ మార్చి లాభం లేదు.

అమ్మా, మీరు మూడు పనులు చేయండి. హిమోగ్లోబిన్, వాపును చూపే మరో రక్తపరీక్ష సీఆర్‌పీ చూపించుకోండి. రక్తపరీక్ష అక్కర్లేని సీడాయ్ స్కోరు వేయమనండి. అందులో నొప్పి కీళ్లు 2, వాపు 0, మీ అంచనా పదికి 4, డాక్టర్ అంచనా 1 అనుకుంటే మొత్తం 7. పది లోపు ఉంటే జబ్బు తక్కువగా ఉన్నట్టే. అయినా సందేహం తీరకపోతే కీళ్లకు డాప్లర్ అల్ట్రాసౌండ్ చేయిస్తే లోపల మంట ఉందో లేదో తెలిసిపోతుంది. అన్నట్టు, ఆ 28 కీళ్లలో పాదాలు లేవు. పాదాల కీళ్లు వాచాయేమో విడిగా చూపించుకోండి. వాపు కనిపిస్తే మాత్రం, వయసు మీద పడింది కదా, నొప్పులు మామూలేనని ఎవరన్నా ఊరుకోవద్దు.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్. చెప్పండి సర్.

శ్రోత: నాకు 60 అండి. కీళ్లు ఇప్పుడు బాగానే ఉన్నాయి. రెండు నెలలుగా పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసం. సిగరెట్ తాగుతాను.

డాక్టర్: కీళ్లు నెమ్మదించాయని ధీమాగా ఉండకండి. ఈ జబ్బు ఊపిరితిత్తులకు పాకడం, చర్మం కింద గడ్డలు కట్టడం మగవారిలో ఎక్కువ. పొగ దాన్ని మరింత పెంచుతుంది. ఛాతీకి హెచ్‌ఆర్‌సీటీ అనే వివరమైన స్కాన్, ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష, అందులో ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి గాలి ఎంత బాగా చేరుతోందో చూసే డీఎల్‌సీఓ కూడా చేయించుకోండి. మామూలు ఎక్స్‌రేలో తొలిదశ కనిపించకపోవచ్చు. మెథోట్రెక్సేట్ వాడుతున్నారా?

శ్రోత: ఆర్నెల్లుగా, వారానికి 15 మిల్లీగ్రాములు.

డాక్టర్: అయితే ఆలస్యం చేయకండి. ఆ మందు వల్ల కూడా ఊపిరితిత్తులు వాస్తాయి, అది ఎక్కువగా మొదటి ఏడాదిలోనే జరుగుతుంది. ఈ వారం మోతాదు వేసుకోకముందే మీ డాక్టర్‌తో మాట్లాడండి. జ్వరం తోడైనా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

వ్యాఖ్యాత: ఇంకో కాల్. చెప్పండమ్మా.

శ్రోత: డాక్టర్‌గారూ, మా అమ్మకు ఈ జబ్బు ఉంది. నాకూ అన్నయ్యకూ వస్తుందా? జన్యుపరీక్ష చేయించుకోమంటారా?

డాక్టర్: అక్కర్లేదమ్మా. ఈ జబ్బుతో ముడిపడ్డ జన్యువుల్లో అన్నిటికంటే బలమైనది హెచ్‌ఎల్‌ఏ డీఆర్‌బీ1. అది 6వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, లింగాన్ని నిర్ణయించే క్రోమోజోమ్‌ల మీద కాదు. కాబట్టి అమ్మ దగ్గర్నుంచి కొడుక్కైనా కూతురికైనా సమానంగానే రావచ్చు. ఆ రకం జన్యువు ఉండి కూడా జీవితాంతం ఆరోగ్యంగా ఉండేవారే ఎక్కువ. ఆడవారి వైపు మొగ్గు ఎందుకంటే, హార్మోన్ల పాత్ర ఉంది. రోగనిరోధక జన్యువులు చాలా ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండటం మరో కారణమని భావిస్తున్నారు. ఆడవారిలో రెండో ఎక్స్ నిద్రపోవాలి, కానీ దానిమీది కొన్ని జన్యువులు మేలుకునే ఉంటాయి. అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకుల 2011 లెక్క ప్రకారం జీవితకాలంలో ఈ జబ్బు వచ్చే అవకాశం ఆడవారికి 3.6 శాతం, మగవారికి 1.7 శాతం. తల్లికి ఉంటే అంతకంటే కొంత పెరుగుతుంది.

మీ అన్నయ్య పొగ తాగుతుంటే మానిపించండి. ఆ జన్యువుకు పొగ తోడైతే ముప్పు ఎన్నో రెట్లవుతుంది. పొద్దున లేచాక వేళ్లు అరగంటకు పైగా బిగుసుకున్నా, కరచాలనం చేస్తే వేళ్ల మొదళ్లలో నొప్పి పుట్టినా, ఆరు వారాల్లోపు రుమటాలజిస్ట్‌ను కలవండి. ఈ జబ్బును గుర్తించడానికి చేసే యాంటీ సీసీపీ రక్తపరీక్ష అప్పుడు చేయించుకోవచ్చు.

వ్యాఖ్యాత: చివరి కాల్, త్వరగా అడగండమ్మా.

శ్రోత: నేను లెఫ్లూనమైడ్, మా ఆయన మెథోట్రెక్సేట్ వాడుతున్నాం. పిల్లల కోసం చూస్తున్నాం.

డాక్టర్: మీ మందు ఆపినా చాలా కాలం ఒంట్లోనే ఉండిపోతుంది. దాన్ని కడిగేయడానికి కొలెస్టైరమిన్ 8 గ్రాములు రోజుకు మూడుసార్లు, 11 రోజులు ఇస్తారు. తర్వాత రక్తంలో మందు మిగిలిందేమో చూసి, అప్పుడే ప్రయత్నించాలి. అంతవరకు గర్భనిరోధకం మానొద్దు. ఈలోగా హైడ్రాక్సీక్లోరోక్విన్‌కో సల్ఫాసలజీన్‌కో మార్చమని అడగండి, ఆ రెండూ గర్భంలో వాడొచ్చు. మీ ఆయన మెథోట్రెక్సేట్ ఆపనక్కర్లేదనే 2020 నాటి అమెరికన్ రుమటాలజీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆయన్ని మాత్రం సల్ఫాసలజీన్‌కు మార్చొద్దు, వీర్యకణాలు తగ్గుతాయి. కాన్పయ్యాక మొదటి మూడు నెలల్లో మీ జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ కాబట్టి ఆ సమయానికి అపాయింట్‌మెంట్ ముందే తీసిపెట్టుకోండి.