పచ్చ దీపం చెప్పిన అబద్ధం

అధ్యక్షులకు, కార్యదర్శిగారికి, ఈ సెల్లారులో దోమలను ఓర్చుకుంటూ కూర్చున్న సభ్యులందరికీ నమస్కారం. లిఫ్టు మరమ్మతు బాకీల ప్రస్తావన తేనని కార్యదర్శిగారికి మాట ఇచ్చాను, కాబట్టి తేను. మూడో అంతస్తువారు మాత్రం ఒకసారి తమ రసీదులు చూసుకుంటే మంచిది. అంతే, ఇక విషయానికి వస్తాను.

‘తుపాను కాలంలో ఇంటర్నెట్ జాగ్రత్తలు’ అని నాకు పదిహేను నిమిషాలిచ్చారు. నిజం చెప్పాలంటే నేను మాట్లాడబోయేది తుపాను గురించి కాదు. నా పరువు పోయిన ఒక శనివారం గురించి.

మా ఆవిడ శని, ఆదివారాలు ఉదయం ఎనిమిదికి పిల్లలకు ఆన్‌లైన్‌లో సంగీతం చెబుతుందని మీకు తెలుసు. మీలో కొందరికి అది నిద్రాభంగం కూడా. ఆమె కోసమే ఫైబర్ లైనుకు తోడు సిమ్ కార్డు వేసే పెట్టె ఒకటి కొని, రెండింటినీ కొత్త రూటరుకు కలిపాను. ఒకటి పోతే రెండోది దానంతటదే అందుకోవాలి. మా బావమరిది వచ్చినప్పుడు, ఫైబర్ పెట్టె నుంచి రూటరుకు వచ్చే వైరును అతని కళ్ల ముందే లాగి చూపించాను. పది సెకన్లు తిరక్కుండా సిమ్ అందుకుంది. అతను మెచ్చుకున్నాడు. నేను ఇంకా ఎక్కువ మెచ్చుకున్నాను.

తర్వాత ఒక శనివారం మన వీధి చివర కాలువ కోసం తవ్వుతూ ఫైబర్ తెంపారు. లోపల ‘సరిగమ’ సగంలో ఆగిపోయింది. వెళ్లి చూస్తే ఫైబర్ పెట్టె మీద, బయటినుంచి సిగ్నల్ రావడం లేదని చెప్పే ఎల్ఓఎస్ దీపం ఎర్రగా కొట్టుకుంటోంది. పక్కనే ఉన్న రూటరు మీద మాత్రం పచ్చ దీపం నిశ్చింతగా వెలుగుతోంది. సిమ్ పెట్టె నిద్రపోతోంది. ‘ఏమండీ, మీ పెట్టె అందుకుంటుందన్నారు కదా?’ అని అడిగింది మా ఆవిడ. అందులో కోపం లేదు. అదే బాధ.

ఎందుకు అందుకోలేదో వినండి, అసలు మాట ఇదే. రూటరు చూసేది తనకూ ఫైబర్ పెట్టెకూ మధ్య ఉన్న మూరెడు వైరునే. ఆ పెట్టెకు ఇన్వర్టరు కరెంటు ఉంది, వైరు బిగుతుగా ఉంది, కాబట్టి ‘లైను బాగానే ఉంది’ అనుకుంది. వీధిలో తెగిన సంగతి దానికెవరు చెబుతారు? నేను బావమరిది ముందు లాగింది ఆ మూరెడు వైరునే. ఎప్పుడూ తెగని వైరును తెంపి పరీక్ష పాసయ్యాననుకున్నాను! ఫైబర్ పెట్టెను కూడా ఇన్వర్టరుకు కలపక ముందు కరెంటు పోయిన ప్రతిసారీ సిమ్ సక్రమంగా అందుకునేది. ఫైబర్ పెట్టె ఆరిపోతే ఆ వైరు కూడా చచ్చినట్టే కదా, అందుకని. దాంతో నా ధీమా మరీ పెరిగింది.

మీలో ఎంతమంది ఇళ్లలో రెండు లైన్లున్నాయి? చేతులెత్తండి. ఏడు. వాటిలో రెండూ ఫైబరే అయినవి? మూడు. ఆ రెండు తీగలూ మన గేటు పక్క స్తంభం మీంచే వస్తున్నాయి. ఒక్క కొమ్మ విరిగితే రెండూ పోతాయి, దాన్ని రెండో లైను అనకండి.

సరే, మందు ఏమిటి? రూటరు సెట్టింగుల్లో పింగ్ ద్వారా, అంటే ఒక చిరునామాను పలకరించి జవాబు వస్తుందో లేదో చూసి, పరీక్షించే పద్ధతి ఉంటుంది. కొన్ని నిమిషాలకోసారి కాదు, 5 సెకన్లకోసారి బయటి చిరునామాను పలకరించమనాలి. వరుసగా 3 సార్లు జవాబు రాకపోతే లైను మార్చమనాలి. ఇక్కడ కూడా నేను బోల్తా పడ్డాను. ఆ గడిలో గేట్‌వే, అంటే రూటరు బయటికి వెళ్లేటప్పుడు దాటే మొదటి గుమ్మం, చిరునామా ఇచ్చాను, 192.168.1.1. అది ఎవరిది? మా ఇంట్లోని ఫైబర్ పెట్టెదే! వీధిలో లైను తెగినా అది ‘ఉన్నాను’ అంటూనే ఉంటుంది. 8.8.8.8 (గూగుల్‌ది), 1.1.1.1 (క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీది) లాంటి బయటివి రెండు ఇవ్వండి. ఒక్కటే ఇస్తే, ఆ ఒక్కటి పలకని రోజు బాగున్న లైనును వదిలేస్తుంది.

అది సరిచేశాక సిమ్ అందుకుంది గానీ పేజీలు తెరుచుకోలేదు. వెబ్‌సైటు పేరు చెబితే దాని అంకెల చిరునామా చెప్పేది డీఎన్ఎస్. ఫైబర్ కంపెనీ డీఎన్ఎస్ చిరునామాలను నేనే చేత్తో రాసి పెట్టాను. వాటిని సిమ్ దారిలో వెళ్లి అడిగితే పలకలేదు. అవి మార్చాను. తర్వాత సిమ్ పెట్టె కూడా తన పేరు 192.168.1.1 అనే చెప్పుకోవడంతో రూటరు తికమకపడింది. ఒకే ఇంట్లో ఇద్దరు సుబ్బారావులన్నమాట. ఒకరి పేరు మార్చాను. అన్నీ కుదిరాక చూస్తే సిమ్‌కు వేసిన 28 రోజుల రీచార్జి అయిపోయింది.

ఒకటి ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను అనవద్దు. లైను మారిన క్షణాన బయటికి కనిపించే మీ చిరునామా మారుతుంది, కాబట్టి నడుస్తున్న కాల్ ఒకసారి తెగవచ్చు. ఫైబర్ తిరిగి రాగానే వెంటనే దానికి మారవద్దని కూడా చెప్పండి, రెండు మూడు నిమిషాలు ఆగమనండి. అతికించేవాళ్లు పని చేస్తున్నంతసేపూ అది వస్తూ పోతూ ఉంటుంది, రూటరు ఊయలూగుతుంది.

ఉక్కు కర్మాగారంలో నేను పంపుల దగ్గర పని చేసినవాణ్ణి. స్టాండ్‌బై పంపును వంతులవారీగా నడిపి చూడాలి, నిలబెట్టి ఉంచితే అవసరం వచ్చిన రోజు తిరగదు. అన్నేళ్లు అది పాటించి, ఇంటికొచ్చాక మరిచిపోయాను. హుద్‌హుద్ తుపాను గుర్తుందిగా, 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ రోజు ఫోన్లు కూడా మూగబోయాయి. అంతటిదానికి నా దగ్గర మందు లేదు. కాలువ తవ్వకానికి ఉంది.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. ఈ ఆదివారం తొమ్మిదిన్నరకు, మా ఆవిడ తరగతి ముగిశాక, మా ఇంట్లో ఫైబర్ పెట్టె వెనక, వీధిలోంచి వచ్చే ఫైబర్ తీగకు ఉన్న పచ్చ కనెక్టరును లాగి చూపిస్తాను. పెట్టెను ఆపడం కాదు, ఆ కనెక్టరునే లాగాలి. దాని కొనను వేలితో తాకకూడదు, అందులోకి తొంగి చూడకూడదు. రండి. కాఫీ ఉంటుంది. మూడో అంతస్తువారు రసీదులు కూడా తెచ్చుకోండి.